ఎడమ మర

చార్జరు మీద ఎర్రదీపం ఇంకా మారలేదు. అది పచ్చబడేదాకా బ్యాటరీ జోలికి వెళ్ళకూడదని డబ్బా మీద రాసి ఉంది, ఇంకో గంటైనా పడుతుంది, ఆ గంటకే ముసలివాళ్ళని పెట్టుకుని చూసే హోమ్ వాళ్ళ వ్యాను కూడా వస్తుందన్నారు, రెండిట్లో ఏది ముందో చూడాలి. నేను దొరసానిలో స్టీరింగు ముందు కూర్చున్నాను. దొరసాని అంటే ఈ పాత పికప్ బండి, పేరు పెట్టింది మా ఆయన. అరుగో, ఎదురుగా వరండాలో, చక్రాల కుర్చీలో, పడిపోయిన కుడి చెయ్యి ఒళ్ళో వేసుకుని, బాగున్న ఎడమ చెయ్యి కుర్చీ అంచు మీద పెట్టుకుని నన్నే చూస్తున్నారు. నన్ను కాదులే, బండిని. అద్దం వెనక నేనున్నాను కాబట్టి ఆ చూపు నన్ను దాటుకుంటూ పోతోంది. లోపల గదిలో మంచం కింద ఆయన పెట్టె సర్ది ఉంది, దువ్వెన దగ్గర్నుంచి బనీన్ల దాకా అన్నీ పెట్టాను. ఇవాళ తనని తీసుకుపోతారన్న సంగతి ఆయనకి తెలియదు, నేను చెప్పలేదు. నాలో నేనే ఒక పందెం వేసుకున్నాను. ఈ గంటలో ఆయన నన్ను పిలిస్తే, ఏ పిలుపైనా సరే, పెళ్ళయిన కొత్తలోంచీ పిలిచిన ఆ పాడు ‘ఒసేయ్’ అయినా సరే, వ్యానుని గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తాను, పెట్టె విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో సర్దేస్తాను. పిలవకపోతే ఎక్కించేస్తాను. ఆ పందెం సంగతి కూడా ఆయనకి తెలియదు. తెలిస్తే పిలుస్తారు, అవసరం పడితే ఎవరైనా పిలుస్తారు, ఆ పిలుపు నాకెందుకు.

మాట రాక కాదు. పక్షవాతం వచ్చిన కొత్తలో ఉలుకూ పలుకూ లేదు గానీ తర్వాత ఒక్కొక్క మాటే వెనక్కి వచ్చింది. నీళ్ళు. కిటికీ. ఛీ. ఛీ అన్నది అందరికీ అర్థమయ్యేంత చక్కగా వచ్చింది. చెల్లెలు వస్తే చిన్నీ అంటారు, నర్సుని అమ్మా అంటారు, ఆఖరికి పక్కింటి కుక్కని కూడా పో అంటారు. వీటన్నిటికంటే ముందు, ఆస్పత్రి మంచం మీద, ముక్కులో గొట్టంతో ఉండగానే వచ్చిన మొదటి మాట దొరసాని. అది విని నర్సు పొంగిపోయింది. “మిమ్మల్నేనమ్మా పిలుస్తున్నారు! ఈ వయసులో కూడా దొరసాని అంటున్నారంటే ఎంత ప్రేమో చూడండి,” అని వార్డంతా టముకు వేసింది. అవతలి మంచాల వాళ్ళు మెడలు తిప్పి చూశారు, ఒకావిడ నా చెయ్యి పట్టుకుని పెట్టిపుట్టావన్నది. అది బండి పేరని చెప్పడానికి నాకు నోరు రాలేదు, తలకొట్టేసినట్టయింది, నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక నాకూ ఒక పేరొచ్చింది. ఎడమ చేతి ఉంగరంతో కుర్చీ అంచు మీద కొడతారు, టక్. పక్క మార్చాలంటే టక్, దుప్పటి జారితే టక్, కడగాలంటే టక్ టక్ టక్. ఆ చప్పుడుకే లేస్తున్నాను, ఆ చప్పుడుకే తిరుగుతున్నాను. ఒకసారి వంటింట్లో గరిట తగిలి గిన్నె టక్కుమంటే, వస్తున్నా అని కేకేసి, ఎవరికి చెప్పానో అర్థమై, ఆ గరిట అక్కడే విసిరికొట్టాను.

టక్. ఇదిగో ఇప్పుడు కూడా. ఎండ వరండాలోకి వచ్చేసింది, ఆయన పాదాలు దాటి మోకాళ్ళ మీదకి ఎక్కింది, ఇంకాసేపట్లో ముఖం మీదకి వస్తుంది. కుర్చీ వెనక్కి జరపమని ఆ టక్కు. టక్కు లెక్కలోకి రాదు. పిలవండి, జరుపుతాను. నేను సీటుకి ఇంకా కాస్త చేరగిలబడ్డాను. మాటలు నేర్పడానికి వారానికోసారి ఒకావిడ వచ్చేది, ఆవిడ చెప్పిన వైద్యమే ఇది. “అడక్కుండా ఏదీ అందించకండి. ముందే అందిస్తే ఇక మాట ఎందుకొస్తుంది? కాసేపు ఆగండి, ఆయన్నే పిలవనివ్వండి,” అంది. నా జన్మలో ఇంత హాయైన వైద్యం ఎవరూ చెప్పలేదు. ఆవిడ గేటు దాటిందో లేదో, నీళ్ళ గ్లాసు ఆయనకి కనపడేలా, చేతికి అందకుండా పెట్టి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. టక్ అన్నారు. పిలవమన్నాను. “నీళ్ళు,” అన్నారు. “ఎవర్ని అడుగుతున్నారు?” అన్నాను. ఆయనకి అర్థమైంది. బుర్ర చెక్కుచెదరలేదు, డాక్టరే చెప్పాడు. మూతి బిగించేశారు. పెదవులు ఎండిపోయాయి, నాలుక బయటపెట్టి తడుపుకుంటున్నారు, గ్లాసు కేసి చూడరు, నా కేసి చూడరు, దొరసాని ఉన్న షెడ్డు కేసి చూస్తూ కూర్చున్నారు. నేనూ లేవలేదు. నాకూ దాహంగానే ఉంది, అయినా పంటి బిగువున కూర్చున్నాను. చివరికి మా ఆడపడుచు వచ్చి, “అయ్యో, అన్నయ్య గొంతు ఎండిపోతుంటే చూస్తూ కూర్చున్నావేంటి వదినా!” అని గ్లాసు నోటికి పెట్టింది. గటగటా తాగి, చిన్నీ అని, అప్పుడు నా వైపు తిరిగి నవ్వారు. సగం ముఖమే నవ్వింది గానీ నిండుగా నవ్వింది. దాహంతో చచ్చినా పర్లేదు, నా పేరుతో మాత్రం బతకరన్నమాట.

ఈ సీటు ఎంత మెత్తగా ఉంది. కొత్త స్పాంజి నేనే కోసి పెట్టాను, కుట్లు నావే, వంకరటింకరగా ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఈ సీటులో కూర్చోవడం ఈ బాగుచేత మొదలయ్యాకే. ఆయనది అద్దాల పని, కిటికీలకీ తలుపులకీ గాజు కోసి బిగించడం. ముందు సీట్లో ఆయన పక్కన నిలువుటద్దాలు కూర్చునేవి, కంబళి కప్పుకుని, మెత్త మీద చేరగిలబడి. నేను వెనక తొట్టిలో, మోకాళ్ళ మధ్య గాజుపలకలు నిలబెట్టి పట్టుకుని. వానొస్తే తడిసేదాన్ని. ముందుకొస్తానంటే, “సీటు తడిసిపోతుందే,” అనేవారు, నిజంగానే సీటు మీద బెంగతో. తొట్టి రేకు ఎండకి కాలేది, కింద గోనె వేసుకునేదాన్ని, ఎదురొచ్చే బండ్ల వాళ్ళు నన్ను కూలీ అనుకునేవాళ్ళు, ఒకడు పలకకి ఎంతిస్తారని కూడా అడిగాడు. ఒక మలుపులో బండి ఒరిగి పలక జారింది, వదిలేస్తే పగులుతుందని పట్టుకున్నాను, అరచెయ్యి తెరుచుకుంది. బండి ఆపి పరిగెత్తుకొచ్చారు, అబ్బో ఎంత పరుగు, వచ్చి ముందు పలక అంచులు తడిమి చూశారు. తర్వాత నా చెయ్యి చూసి, “చేతికి కుట్లు పడతాయి, గాజుకి పడవు,” అన్నారు. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని నవ్వారు, నా చెయ్యి పట్టి చూపించి మరీ. నేనూ నవ్వాను. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు కదా. ఇప్పటికీ ఈ బొటనవేలు పూర్తిగా ముడవదు. స్పానరు పట్టుకోవడానికి ఆ ముడత చాలు.

మాకు పిల్లల్లేరు. లోపం ఎవరిదో చూపించుకుందామంటే మగవాడికి పరీక్షలేమిటని కళ్ళెర్రజేశారు. దొరసానికి మాత్రం ఏటేటా పరీక్షలే, బ్రేకులు చూపించడం, పొగ చూపించడం, పాసయితే ఆ వారమంతా ఇంట్లో పండగే. తర్వాత్తర్వాత అద్దాలన్నీ పెద్ద కొట్ల వాళ్ళే కోసి బిగించేయడం మొదలుపెట్టారు, ఈయనకి పని తగ్గింది, ఒకనాడు దొరసాని ఇంజన్ మొరాయించింది, ఈయన షెడ్డులో పెట్టి పట్టా కప్పారు. అమ్మరు, బాగుచేయించరు, రోజూ సాయంత్రం వెళ్ళి పట్టా మీద దుమ్ము దులిపి వచ్చేవారు. ఈయన పడిపోయాక చోటు ఖాళీ అవుతుందని పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాను. వాడు పట్టా లాగి, టైరుని తన్ని, “ముక్కలు చేసి పట్టుకెళ్ళిపోతానమ్మగారూ, మీరు లోపల కూర్చోండి,” అన్నాడు. అంతే, వరండాలోంచి ఒక అరుపు వచ్చింది. దొరసానీ అని. చూస్తే ఏడుస్తున్నారు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు ఏడవలేదు. మా అమ్మ శవం పక్కన నిలబడి గడియారం చూసుకున్న మనిషి. వాణ్ణి వద్దు పొమ్మన్నాను. “పాపం, పెద్దాయన మనసు నొచ్చుకుంటుందనా,” అని వాడు కూడా కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడు. నాకు జాలేమీ కలగలేదు. అమ్మేస్తే ఒక్క పూట ఏడుస్తారు. ఆయన కళ్ళెదుట నేను విప్పితే రోజూ ఏడుస్తారు. అలా మొదలుపెట్టాను ఈ పని.

ఎండ ఆయన పొట్ట మీదకి వచ్చింది. టక్ టక్. ఒళ్ళో ఉన్న కుడి చేతి మీద ఈగ వాలింది, ఆ చేతికి తెలియదు, కళ్ళకి తెలుస్తోంది. బండి గురించి అప్పటికి నాకు తెలిసింది వెనక తొట్టి ఒక్కటే. స్పానరుకీ పటకారుకీ తేడా తెలియదు. ఫోన్లో వీడియోలు చూస్తూ, ఆపి మళ్ళీ చూస్తూ, కుర్చీని షెడ్డుకి ఎదురుగా తిప్పి ఆయన్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కటే ఊడదీశాను. బానెట్ ఊడదీసి గోడకి ఆనించాను. సీటు చింపితే ఎలకల కాపురం, పిల్లలతో సహా. కార్బురేటరు తెచ్చి ఆయన అన్నం తినే బల్ల మీద పెట్టి, పక్కనే కంచం పెట్టి, తినిపిస్తూ విప్పాను. ఏ మర ఏ సీసాలో వేశానో కనపడేలా వంటింటి సీసాలన్నీ వరసగా పెట్టాను, ఒకటి కావాలనే దొర్లించాను కూడా. ఆయన ఛీ అన్నారు, కళ్ళు మూసుకున్నారు, మళ్ళీ తెరిచారు, చూడకుండా ఉండలేరు కదా. నాకు కడుపు నిండిపోయేది. అలా ఎన్నాళ్ళు నిండిందో గానీ, ఒకరోజు తుప్పు పట్టిన ఒక బోల్టుకి నూనె పోసి, నానబెట్టి, మళ్ళీ పోసి, స్పానరు వేసి మెల్లగా ఒత్తితే కిర్రుమని కదిలింది. ఆ కదలిక నా భుజం దాకా వచ్చింది. ఒళ్ళు ఝల్లుమంది. ఇంకోటి విప్పాలనిపించింది. పెట్రోలు ట్యాంకులో గులకరాళ్ళు పోసి, ఒళ్ళో పెట్టుకుని ఊపి ఊపి తుప్పు రాల్చాను, నీళ్ళు ఎర్రగా పోయి పోయి చివరికి తేటగా వచ్చాయి, ఆ నీళ్ళు చూసి నవ్వుకున్నాను. చూస్తే సాయంత్రమైపోయింది, మధ్యాహ్నం మందు వెయ్యలేదు, వరండాలో ఒక మనిషి ఉన్నాడన్న సంగతే మర్చిపోయాను. పగతో పట్టుకున్న పని చేతికి అంటుకుంది. మర్నాటి నుంచి నేను కూడా దీన్ని దొరసాని అనే పిలుస్తున్నాను, పైకి కాదు.

చక్రాల దగ్గర మాత్రం చుక్కలు కనపడ్డాయి. కుడి చక్రాలు ఊడొచ్చాయి. ఎడమ చక్రాల నట్లు ఒక్కటీ కదలదు. నూనె పోశాను, సుత్తితో కొట్టాను, స్పానరుకి ఇనుప గొట్టం తొడిగి దాని మీద ఎక్కి నిలబడ్డాను. ఠంగుమని బోల్టు విరిగి నేను వెల్లకిలా పడ్డాను. వరండాలోంచి కొత్త మాట వినపడింది. “ఎడమ.” రెండో నట్టుకి వేశాను. “ఎడమ! ఎడమ!” గొంతు చించుకుంటున్నారు, ఎడమ చెయ్యి గాల్లో ఆడిస్తున్నారు. అప్పుడే లోపలికొచ్చిన ఆడపడుచు ఆ చెయ్యి చూసి గుండెలు బాదుకుంది. “కుడి పక్క ఎలాగూ పోయింది, ఇప్పుడు ఎడమ పక్క కూడా పడిపోతోంది వదినా, అన్నయ్య చెప్తుంటే నీకు పట్టదా!” ఇద్దరం కలిసి ఆ చెయ్యి నూనె పెట్టి రుద్దాం. రుద్దేకొద్దీ ఎడమ ఎడమ అని ఏడ్చారు. ఏడ్చేకొద్దీ ఇంకా గట్టిగా రుద్దాం. మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి అనుకున్నాం. ఆ సాయంత్రం విరిగిన బోల్టు ముక్కని డీజిల్లో కడిగి చూస్తే దాని తల మీద ఇంగ్లీషు ఎల్ అక్షరం కొట్టి ఉంది. ఫోన్లో వెతికితే తెలిసింది. పాత బండ్లలో ఎడమ వైపు చక్రాలకి ఎడమ మర ఉంటుందట, అన్ని నట్లూ వదులయ్యే వైపు తిప్పితే అవి బిగుసుకుంటాయట. వదులు చేస్తున్నాననుకుని నేను రోజంతా బిగించాను. ఆయన చేతి గురించి కాదు, నట్టు గురించి చెప్పారు.

తెలిసినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆడపడుచుతో ఒక్క మాట అంటే ఆగిపోయేది. అనలేదు. డాక్టరు ఆ చేతి వేళ్ళ మీద సూదితో ఒక్కొక్కటే పొడుస్తూ, “తెలుస్తోందా? ఇక్కడ తెలుస్తోందా?” అని అడిగాడు. ఆయన ఎడమ అన్నారు. ఎడమ చెయ్యే కదా అని మళ్ళీ పొడిచాడు. ఆ బోల్టు ముక్క నా చేతిసంచిలోనే ఉంది, సంచిలో చెయ్యి పెట్టి దాని మీద అక్షరం తడుముతూ కూర్చున్నాను. చిటికెన వేలి దగ్గర ఆయన నా వైపు చూశారు. కనిపెట్టేశారు. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. ఆ క్షణమైనా నన్నేదో ఒకటి అనొచ్చు, తిట్టొచ్చు, తిట్టు కూడా పిలుపే కదా, నేను ఎదురుచూశాను కూడా. పళ్ళు బిగించి సూది భరించారు. ఇంటికొచ్చి, కుర్చీ పెట్టి, ఆయన చూస్తుండగా స్పానరు వేసి తిరగేసి తిప్పాను. పెద్దగా బలం కూడా పెట్టలేదు, నట్టు వెన్నలా కదిలింది. అప్పుడు చూడాలి ఆయన ముఖం, ఆ బాగున్న సగం దీపం పెట్టినట్టు వెలిగింది. తల ఊపారు. ఎడమ, అన్నారు మెల్లగా, ముద్దుగా. నేను వండింది తిని ఆ ముఖం పెట్టలేదు. పురిట్లో పిల్లని ఎత్తుకునే వాళ్ళకి ఉంటుందేమో ఆ ముఖం. నేను స్పానరు అక్కడ పడేసి వెనక తొట్టి పక్కకి పోయి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, అయితే ఏం, ఏడుపు ఏడుపే.

ఎండ గొంతు దాకా వచ్చింది. చెమట పట్టింది. ఇప్పుడు టక్ మానేసి కళ్ళు చిట్లించుకుని చూస్తున్నారు, ఎండలో బండికి నేను వేసిన ఈ నీలం ఇంకా మెరుస్తుంది కదా, అది ఆయన కళ్ళలో పడుతోంది. ఆయన ఎరిగిన దొరసానిది బూడిద రంగు, మూడేళ్ళకోసారి అదే రంగు వేయించేవారు. ఉప్పుకాగితం పెట్టి రుద్దితే బూడిద కింద ఆకుపచ్చ, దాని కింద ఈ నీలం తగిలింది. ఈయన కొనకముందు ఎవరిదో, ఎవరి ఇంటి ముందో ఈ నీలం రంగుతో నిలబడి ఉండేదన్నమాట. ఆయన కంటే ముందు దానికి ఒక బతుకుంది. నాకెంత సంతోషమేసిందో. లప్పం పెట్టి, రుద్ది, మళ్ళీ పెట్టి, సరిగ్గా అదే నీలం కలిపించి వేశాను, అక్కడక్కడా కారింది, మొదటిసారి కదా. ఆయన చాలా రోజులు షెడ్డు వైపు ముఖం తిప్పలేదు. సూది వెయ్యడానికొచ్చే నర్సుతో కూడా ఛీ అన్నారు. ఆ రోజుల్లో నేను పాటలు పాడుకుంటూ అన్నం కలిపాను.

హోమ్ మాటెత్తితే ఆడపడుచు గోల పెట్టింది. “మా అన్నయ్యని పరాయి వాళ్ళ చేతుల్లో పెట్టేస్తావా? నీకు మనసెలా వచ్చింది వదినా?” అంది. నీ చేతుల్లో పెడతాను తీసుకుపో అన్నాను. “మా ఇంట్లో మెట్లెక్కువ,” అంది. ఉన్నవి మూడు మెట్లు. నా నడుము పోయింది, ఆయన్ని ఎత్తి దించి ఎత్తి దించి పక్క మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి, అది ఎవరైనా ఒప్పుకుంటారు. అసలు సంగతి నడుము కాదు. ఆ టక్కు. ఇంకా ఎన్నేళ్ళు ఉంటారో, డాక్టరు గుండె గట్టిదన్నాడు, అన్నేళ్ళు నేను ఆ టక్కుకి పలకాలి. హోమ్ చూసొచ్చాను, శుభ్రంగా ఉంది. రెండు గదులు ఖాళీ ఉన్నాయి, ఒకదాని కిటికీ రోడ్డు వైపు, ఇంకోదాని కిటికీ గోడ వైపు. “రోడ్డు వైపుది తీసుకోండమ్మా, పెద్దాయనకి కాలక్షేపం,” అంది అక్కడి ఆవిడ. రోడ్డంటే బండ్లు. గోడ వైపుదే ఇమ్మన్నాను. దుమ్ము పడదని చెప్పాను. అంత చేసొచ్చి కూడా ఈ పందెం ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు. ఆశ అనే పీడ వదలదు కాబోలు. పిలవండి. గోడ గది వద్దని ఫోన్ చేసేస్తాను. నడుముకి పట్టీ వేసుకుంటాను. ఈ సీటు పక్కన మిమ్మల్నే కూర్చోబెట్టుకుని తిప్పుతాను, అద్దం లేదు కదా ఇప్పుడు అక్కడ. ఎండ ముఖం మీదకి వచ్చింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక్క మాటకి నేను పరిగెత్తుకొస్తాను, ఒసేయ్ అంటే చాలు, నాకు సిగ్గులేదు, వచ్చేస్తాను. కళ్ళు మూసుకున్నారు. పిలవలేదు.

పచ్చదీపం. ఎప్పుడు మారిందో చూసుకోలేదు. దిగి, బ్యాటరీ మోసుకొచ్చి, నడుము పట్టేస్తున్నా పెట్టి, ఎర్ర తీగా నల్ల తీగా బిగించాను. బానెట్ మూసేటప్పుడు ఆయన కళ్ళు తెరిచారు. మళ్ళీ ఎక్కాను. తుప్పుపట్టి ఊడిపోయిన సైలెన్సరుకి బదులు కొత్తది ఇంకా దొరకలేదు, చప్పుడెలా ఉంటుందో ఏమో. చోక్ లాగి, తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాను. గుర్రు గుర్రుమని తిరిగి ఆగిపోయింది. ఆయన ఉన్న సగం బలంతోనే ముందుకి వంగారు. మళ్ళీ కొట్టాను, దగ్గింది, వెనకాల ఠాప్‌మని పేలింది, కాకులు లేచిపోయాయి. మళ్ళీ. అందుకుంది. దొరసాని అందుకుంది! బండంతా వణికి, ఊగి, ఒక్కసారి గొంతెత్తింది. ఇల్లంతా అదిరింది, వరండా కిటికీల్లో ఆయన బిగించిన గాజులు గడగడలాడాయి. నేను అరిచాను, నా అరుపు నాకే వినపడలేదు. స్టీరింగు నా చేతుల్లో బతికున్న దానిలా కొట్టుకుంటోంది, నేను చేశాను, ఈ చేత్తో, ఈ ముడవని వేలితో, నాకు చచ్చేంత సంతోషంగా ఉంది. ఆయన ముఖం చూశాను. ఆనందంతో తడిసిపోయి ఉంది. బండినే చూస్తున్నారు.

గేటు తెరుచుకుంది. వ్యాను లోపలికి రాకుండా రోడ్డు మీదే ఆగింది, తెల్లబట్టల మనిషి ఒకడు మడత స్ట్రెచరు చంకలో పెట్టుకుని వరండా ఎక్కాడు. లోపలి నుంచి పెట్టె తెచ్చి మెట్టు మీద పెట్టాడు, ఎక్కడుందో ఫోన్లో నేనే చెప్పాను. ఆయన పెట్టెని చూశారు. వ్యాను మీద రాసున్న అక్షరాలు చూశారు, చదవడం మర్చిపోలేదు కదా. చూపు దొరసాని మీంచి కదిలింది. అద్దంలోంచి నా మీదకి వచ్చి, దాటిపోకుండా నా మీదే ఆగింది. ఇన్నేళ్ళలో నా ముఖాన్ని ఆయన అలా చూడలేదు. ఎడమ చెయ్యి లేచింది, కుర్చీ అంచు మీద పడలేదు, నా వైపు చాచారు. నోరు కదిలింది. పెదవులు గుండ్రంగా చుట్టుకుని పక్కలకి సాగాయి. చిన్నీ అయితే గుండ్రంగా చుట్టుకోవు. దొరసాని అయితే అక్కడితో ఆగవు. మళ్ళీ అదే, చుట్టుకుని, సాగి. మెడ మీద నరాలు ఉబ్బాయి. తెల్లబట్టల మనిషి కూడా ఆయన నోటి దగ్గర చెవి పెట్టి విని, నా వైపు తిరిగి, ఆయన్ని చూపించి, నన్ను చూపించి, మిమ్మల్నే పిలుస్తున్నారు అన్నట్టు సైగ చేశాడు. ఇంజన్ ఆపితే నాకూ వినపడుతుంది. తాళం నా వేళ్ళకి ఆనుకునే ఉంది. నేను చెవి మీద చెయ్యి పెట్టి, వినపడటం లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, యాక్సిలేటరు ఇంకాస్త తొక్కాను.